పాత అమెరికన్ కరెంటు పొయ్యి: మెట్ల స్విచ్చా, ఇన్ఫినిట్ స్విచ్చా, సెన్సర్ బర్నరా? ఏది మేలు?

1950, 60ల నాటి అమెరికన్ కరెంటు పొయ్యిల్లో బర్నర్ సెగను అదుపు చేసే పద్ధతులు ముఖ్యంగా మూడు. పైకి అన్నీ నాబులే.

మెట్ల స్విచ్ అన్నిటికన్నా పాతది. బర్నర్‌లో రెండు కాయిళ్లు, అమెరికా ఇళ్లకొచ్చే 120, 240 వోల్టులు: వీటిని రకరకాలుగా కలిపితే ఐదు సెగలు. 1300 వాట్ల కాయిళ్లు రెండుంటే 2600, 1300, 650, 325, చివరికి రెండూ సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటిగా) 120 వోల్టుల మీద 162 వాట్లు. రెండు మెట్లకు నడుమ సెగ దొరకదు గానీ, ఉన్న సెగ నిలకడగా ఉంటుంది. ఆఖరి మెట్టు చల్లగా ఉండి, పై మెట్టు సగం వేడే ఇస్తే ఒక కాయిల్ తెగినట్టే.

ఇన్ఫినిట్ స్విచ్‌లో ఒక చిన్న హీటరు బైమెటల్ పట్టీని (రెండు లోహాలు అతికిన రేకు) వంచి కరెంటును ఆపుతూ, వదులుతూ ఉంటుంది. ఎంతసేపు వెలగాలో మాత్రమే దానికి తెలుసు. గిన్నెలో ఏముందో తెలీదు. కరెంటును కలిపి, తెంచే కాంటాక్టులు అతుక్కుపోతే చిన్న సెగ మీద పెట్టినా కాయిల్ ఎర్రగా కాలుతూనే ఉంటుంది.

సెన్సర్ బర్నర్ సంగతి వేరు. జీఈ కంపెనీ సెన్సీ-టెంప్, ఫ్రిజిడేర్ కంపెనీ హీట్-మైండర్ ఈ కోవవే. కాయిల్ నడుమ స్ప్రింగు మీద నిలిచిన చిన్న బిళ్ల గిన్నె అడుగును తాకుతుంది. ద్రవంతో పనిచేసే రకంలో బిళ్ల కింది ద్రవం వేడికి వ్యాకోచించి, సన్నని గొట్టం గుండా నాబు వెనక బెల్లోస్‌ను (ఉబ్బి సాగే చిన్న డబ్బీ) నెట్టి కాంటాక్టును తెరుస్తుంది. వేపుడు నూనెకు 375 ఫారెన్‌హీట్ దగ్గర పెడితే అక్కడే పట్టి ఉంచుతుంది. పాలు పొంగే బెడద కూడా చాలావరకు తప్పుతుంది.

అయితే అడుగు వంగిన గిన్నె పెడితే బిళ్లకు సరిగా తగలదు. అది తక్కువ వేడి చూసి కరెంటు వదులుతూనే ఉంటుంది, నూనె పొగలు కక్కుతుంది. పొయ్యి చల్లారాక బిళ్లను వేలితో నొక్కండి: మెత్తగా దిగి, వెంటనే పైకి లేవాలి. జిడ్డు పట్టి దిగిన చోటే ఉండిపోతే శుభ్రం చేయాలి. తర్వాత లీటరు నీళ్లు పోసి 200 ఫారెన్‌హీట్ మీద పెట్టండి. తెర్లితే నియంత్రణ తప్పినట్టే. ద్రవం కారిపోతే కాంటాక్టును నెట్టే బలమే ఉండదు, బర్నర్ ఆగదు. దాన్ని వాడొద్దు.

వేపుళ్లకు, పాలకు మంచి బిళ్ల ఉన్న సెన్సర్ బర్నరే మేలు. రోజువారీ కూరలకు ఇన్ఫినిట్ చాలు. సెన్సర్ విడిభాగం దొరక్కపోతే ఆ బర్నర్‌ను ఇన్ఫినిట్‌కు మార్చుకోవచ్చు, కానీ ఆంపియర్లు సరిపోవాలి: 2600 వాట్లకు 240 మీద సుమారు 10.8. తక్కువ కరెంటుకు చేసిన స్విచ్ పెడితే దాని హీటరు మరీ వేడెక్కి, సెగ అందాల్సిన దానికన్నా ముందే తెంచేస్తుంది. మూత విప్పే ముందు బ్రేకర్ ఆపాలి. నాబు ఆఫ్‌లో ఉన్నంత మాత్రాన తీగల్లో కరెంటు లేదనుకోవద్దు.