సిగరెట్ పొగను కొలవడం: ఐఎస్ఓ పద్ధతా, కెనడా ఇంటెన్స్ పద్ధతా?

ఐఎస్ఓ అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పద్ధతి, ఇంటెన్స్ అంటే కెనడా ఆరోగ్య శాఖ పద్ధతి. రెండింటిలోనూ సిగరెట్ తాగేది యంత్రమే. పొగలోని కణాలను గాజునార వడపోత బిళ్ళ పట్టుకుంటుంది. దాన్ని ద్రావణిలో నానబెట్టి, క్యాన్సర్ కారకాలైన ఎన్ఎన్ఎన్, ఎన్ఎన్‌కే నైట్రోసమైన్లను, బెంజోపైరీన్‌ను లెక్కిస్తారు. తేడా అంతా పొగ పీల్చే తీరులోనే ఉంది.

ఐఎస్ఓ యంత్రం నిమిషానికి ఒక్కసారి 35 మిల్లీలీటర్లు పీలుస్తుంది. ఇంటెన్స్ యంత్రం అర నిమిషానికోసారి 55 మిల్లీలీటర్లు లాగుతుంది.

అసలు కిటుకు ఫిల్టర్‌లో ఉంది. 'లైట్' సిగరెట్లను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఫిల్టర్ చుట్టూ సూదిమొనంత రంధ్రాల వరుస కనిపిస్తుంది. ఐఎస్ఓ వాటిని తెరిచే ఉంచుతుంది. బయటి గాలి చొరబడి పొగ పలచబడుతుంది, అంకెలు తగ్గుతాయి. తాగే మనిషి వేళ్ళూ పెదవులూ వాటిని కొంతవరకు మూసేస్తాయి, నికోటిన్ చాలకపోతే అతను ఇంకా గట్టిగా పీలుస్తాడు. ఇంటెన్స్ పద్ధతిలో వాటిని టేపుతో పూర్తిగా మూస్తారు. 2018లో నెదర్లాండ్స్ ప్రజారోగ్య సంస్థ ఆర్ఐవీఎం వంద రకాల సిగరెట్లను ఇలా పరీక్షిస్తే, దాదాపు అన్నీ తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్‌లకు యూరప్ పెట్టిన పరిమితులు దాటాయి. ఆ పరిమితులేమో ఐఎస్ఓ కొలతపై ఆధారపడినవి!

ఏ యంత్రమూ మనిషిలా పీల్చలేదు, నిజమే. అయినా నియంత్రణకు నేను ఇంటెన్స్‌నే ఎంచుకుంటాను. ఐఎస్ఓ అంకెలు పాత రికార్డులతో పోల్చడానికి పనికొస్తాయి; పెట్టెమీద అచ్చువేసి తక్కువ హాని అనిపించడానికి మాత్రం వాటిని అస్సలు వాడకూడదు.