సర్టిఫికెట్ ఎక్కడ పెడితే అప్‌డేట్ తర్వాత కూడా ఉంటుంది?

మాది పర్లాకిమిడి. ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పని చేస్తాను. కంపెనీ ప్రాక్సీ, అంటే మా నెట్ ట్రాఫిక్ అంతా దాటి వెళ్ళే మధ్యవర్తి సర్వర్, ప్రతి హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్‌నీ మధ్యలో విప్పి చూసి, తన సొంత సర్టిఫికెట్‌తో (సైట్ అసలైనదేనని చెప్పే గుర్తింపు ఫైల్) మళ్ళీ కట్టి పంపుతుంది. దాన్ని నమ్మమని మెషీన్‌లోని ప్రతి టూల్‌కీ మనమే చెప్పుకోవాలి. బరంపురంలో ఉండే మా మేనత్త కొడుకుదీ ఇదే టీమ్. జేడీకే (జావా ప్రోగ్రాములు తయారుచేసే కిట్) అప్‌డేట్ అయిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "బావా, రాత్రి దాకా బిల్డ్ అయింది. ఇప్పుడు పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్ అంటోంది. నేనేం ముట్టుకోలేదు."

సర్టిఫికెట్‌ని నమ్మలేకపోతున్నానని జావా చెప్పే తీరు అది. అతను నిజంగానే ముట్టుకోలేదు. ఆర్నెల్ల కిందట కీటూల్ అనే జావా కమాండ్‌తో, జావా నమ్మే సర్టిఫికెట్ల జాబితా ఉండే సొంత క్యాసర్ట్స్ ఫైల్లోనే కంపెనీ సర్టిఫికెట్ చేర్చాడు. కొత్త జేడీకే తన ఫోల్డర్, తన క్యాసర్ట్స్ తెచ్చుకుంది. సంక్రాంతికి సున్నం కొడితే గోడ మీద రాసుకున్న పాల లెక్క పోయినట్టే. పైథాన్‌లో అలాంటి జాబితానే మోసే సర్టిఫై ప్యాకేజీ ఫైల్ చివర అతికించినా అంతే, అప్‌గ్రేడ్ రోజున పోతుంది. నిమిషంలో అయిపోయే పని కాబట్టి అందరం ముందు ఇదే చేస్తాం. నేనైతే ఇలా చేయమని ఎవరికీ చెప్పను.

రెండో దారి, సొంత ఫైల్ ఒకటి పెట్టుకుని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో చూపించడం. అప్‌డేట్ దీన్ని కదపదు. కానీ ఇక్కడ ఒక గొయ్యి ఉంది. నోడ్‌కి (జావాస్క్రిప్ట్ నడిపే టూల్) ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ వేరియబుల్ ఇస్తే ఉన్న జాబితాకి మనది కలుపుతుంది. వెబ్‌సైట్లతో మాట్లాడే పైథాన్ లైబ్రరీ రిక్వెస్ట్స్‌కి సీఏ బండిల్ (నమ్మే సర్టిఫికెట్లన్నీ ఉన్న ఫైల్) ఇచ్చినా, జావాకి అలాంటిదే ట్రస్ట్‌స్టోర్ ఇచ్చినా పాత జాబితాని పూర్తిగా పక్కన పెట్టేస్తాయి. అందులో కంపెనీ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే, సాయంత్రం వీపీఎన్ తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద స్క్రిప్ట్ నడిపినప్పుడు బయటి సైట్లన్నీ ఫెయిల్ అవుతాయి. నాకు ఒక ఆదివారమంతా దీనికే పోయింది.

మూడోది ఆపరేటింగ్ సిస్టమ్ స్టోర్. ఉబుంటులో యూఎస్ఆర్ లోకల్ షేర్ (/usr/local/share) కింద ఉన్న సీఏ సర్టిఫికెట్స్ ఫోల్డర్‌లో ఫైల్ పెట్టి, అప్‌డేట్ సీఏ సర్టిఫికెట్స్ కమాండ్ నడపాలి. ఫైల్ పేరు చివర డాట్ సీఆర్‌టీ లేకపోతే అది పట్టించుకోదు. కర్ల్, గిట్, ఉబుంటు ప్యాకేజీగా వచ్చే ఓపెన్ జేడీకే, అన్నీ ఇక్కడి నుంచే తీసుకుంటాయి. విడిగా డౌన్‌లోడ్ చేసిన జేడీకే, రిక్వెస్ట్స్ మాత్రం ఇటు చూడవు.

నా ఓటు మూడోదానికే, రెండోదాన్ని తోడు పెట్టుకుని. ఆ కమాండ్ పబ్లిక్ సర్టిఫికెట్లనీ మనదాన్నీ కలిపి ఒకే బండిల్ తయారుచేస్తుంది. రిక్వెస్ట్స్ వేరియబుల్‌లో ఆ బండిల్‌నే చూపిస్తే ఆ గొయ్యి ఉండదు. విడి జేడీకేకి ఉబుంటు తయారుచేసిన జావా క్యాసర్ట్స్‌ని ట్రస్ట్‌స్టోర్‌గా ఇస్తే చాలు.

కోడ్‌లో వెరిఫై ఫాల్స్ అని రాసి, అంటే సర్టిఫికెట్ తనిఖీనే ఆపేసి, తప్పించుకోవడం దారే కాదు. అది ఒకరోజు ప్రొడక్షన్ కోడ్‌లోకి వెళ్ళిపోతుంది.

మా బావమరిది ఆ మధ్యాహ్నమే అలా మార్చుకున్నాడు. రేపు కంపెనీ సర్టిఫికెట్ గడువు తీరినా అతను మార్చాల్సింది ఆ ఒక్క సీఆర్‌టీ ఫైలే, ఆపైన ఆ కమాండ్ మళ్ళీ నడపాలి.