కటి కదలికలు నేర్పే ప్రసవ శిక్షణ తరగతి: నా సమీక్ష

హైదరాబాద్‌లో నేను కాన్పుకు పేరు నమోదు చేయించుకున్న ప్రసూతి ఆసుపత్రి, ఏడో నెల దాటిన గర్భిణులకు శనివారాల్లో శిక్షణ తరగతి నడుపుతోంది. ఇటువంటి తరగతులు నగరంలో చాలానే ఉన్నా, నేను విచారించిన వాటిలో ఎక్కువ భాగం శ్వాస అభ్యాసాలతో, నాలుగు ఆసనాలతో సరిపెట్టేవే. ఇక్కడి ఫిజియోథెరపిస్టు మాత్రం మొదటి రోజే అసలు పరిమాణంలో ఉన్న, నడుము కింది కటి ఎముకల నమూనానూ, ఒక గుడ్డ బొమ్మనూ మా చేతికిచ్చి, బిడ్డ తల ఏ దారిన దిగుతుందో మా చేతనే చేయించారు.

ఆ దారి తిన్నగా ఉండదు. కటి పైద్వారం అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్లు, ముందు నుంచి వెనక్కి సుమారు 11 సెంటీమీటర్లు ఉంటుంది. కింది ద్వారం దగ్గర ఈ కొలతలు తారుమారవుతాయి. అందుకే బిడ్డ తల సాధారణంగా పక్కకు చూస్తూ లోపలికి దిగి, మధ్యలో తిరిగి, తల్లి వెన్ను వైపు ముఖం పెట్టి బయటికి వస్తుంది. బొమ్మ తలను నేరుగా దూర్చబోతే పైనే ఇరుక్కుపోయింది. పక్కకు తిప్పగానే దిగింది, కింద మళ్లీ తిప్పవలసి వచ్చింది. నొప్పులు గంటల తరబడి ఎందుకు సాగుతాయో ఎన్ని మాటల్లో చెప్పినా ఇంత బాగా అర్థమయ్యేది కాదు.

మోకాళ్లు ఎడంగా ఉంచి తొడలను బయటికి తిప్పితే పైద్వారానికి చోటు పెరుగుతుందనీ, మోకాళ్లు దగ్గరికి చేర్చి పాదాలను ఎడంగా పెడితే కింది ద్వారానికి పెరుగుతుందనీ ఆమె చెప్పినప్పుడు చాలామందిమి నమ్మలేదు. కాళ్లు ఎంత ఎడంగా ఉంటే అంత సుళువని కదా మనమంతా అనుకునేది. కుర్చీలో పిరుదుల కింద అరచేతులు పెట్టుకుని, మోకాళ్లు దగ్గరికి చేర్చి పాదాలను ఎడంగా జరిపి చూడమన్నారు. కూర్చునే ఎముకలు రెండూ ఒకదానికొకటి దూరంగా జరగడం వేళ్లకు స్పష్టంగా తెలిసింది. వెల్లకిలా పడుకుంటే తోక ఎముక వెనక్కి జరగడానికి చోటు తగ్గుతుందని కూడా నమూనాపైనే చూపారు. ఇబ్బందులు లేని కాన్పుల్లో నొప్పుల సమయంలో నడవడాన్నీ, నిటారు భంగిమలనూ ప్రోత్సహించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫారసు చేసింది. ఎపిడ్యూరల్ (నొప్పి తగ్గడానికి వెన్నులో ఇచ్చే మందు) తీసుకున్నవారు పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య వేరుశనగకాయ ఆకారపు బంతి పెట్టుకునే పద్ధతిని కూడా నేర్పారు.

గర్భసంచిలో మాయ (ప్లసెంటా) కిందికి ఉన్నవారినీ, రక్తస్రావం కనిపించినవారినీ డాక్టరు అనుమతి లేనిదే చేర్చుకోకపోవడం నాకు నచ్చిన మరో విషయం.

లోపాలు లేకపోలేదు. కటి కింది కండరాలను బిగించడంపై పెట్టిన శ్రద్ధ వాటిని వదులు చేయడంపై పెట్టలేదు. బిడ్డ బయటికి వచ్చే వేళ కావలసింది ఆ సడలింపే. సిజేరియన్ గురించి చివర్లో పది నిమిషాలు మాట్లాడి ముగించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు ఆపరేషన్‌తోనే జరిగాయి కాబట్టి, ఇక్కడ నడిచే ఏ తరగతి అయినా ఆ విషయానికి ఒక పూట కేటాయించడం న్యాయం. ఇచ్చిన కరపత్రాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. కాన్పు గదిలో తోడుండేది చాలా ఇళ్లలో అమ్మో అత్తగారో అయినప్పుడు, అవి తెలుగులో లేకపోవడం పెద్ద లోటు.

అయినా మొదటి కాన్పువారికి ఈ తరగతిని గట్టిగా సిఫారసు చేస్తాను. రుసుము కట్టే ముందు మాత్రం, నొప్పుల సమయంలో లేచి నడవనిస్తారా, పక్కకు తిరిగి ప్రసవించనిస్తారా అని కాన్పు గది సిబ్బందినే అడిగి తెలుసుకోండి. తోడుండబోయే వారిని మొదటి తరగతి నుంచే వెంట తీసుకెళ్లండి. నొప్పులు ముదిరాక ఏ భంగిమ ఎప్పుడు మార్చాలో గుర్తుచేయవలసింది వారే.