ఖాళీ స్థలం వాల్యుయేషన్: ఫీజుకు తగ్గ పనే, ఒక్క పేజీ తప్ప

అన్నయ్య వాటా నేను కొనుక్కుని స్థలం మొత్తం ఉంచుకోవాలన్నది ఒప్పందం. పేచీ అంతా రేటు దగ్గరే. అన్నయ్య తెచ్చిన రిపోర్టులో పక్క లేఅవుట్ ప్లాట్ల రేటు తీసుకుని మా విస్తీర్ణం మొత్తానికీ గుణించేశారు. మాది ఇంకా తుప్పలు కూడా కొట్టని నేల! రోడ్లకీ కాలువలకీ వదిలాక అమ్మడానికి మిగిలేదెంత? అనుమతుల ఖర్చు, అవి వచ్చేదాకా వడ్డీ, లేఅవుట్ వేసేవాడి లాభం ఎవరి నెత్తిన?

అందుకే నేను వేరే వాల్యుయర్‌ని, అంటే స్థలానికి విలువ కట్టే ఆయన్ని, పెట్టుకున్నాను. ఆయన స్థలానికి వచ్చి ముందు దారి వెడల్పు కొలిచారు. ఆ దారి హక్కు దస్తావేజులో ఉందా అని అడిగి, ఆ పేజీ తీయించి చదివారు. పల్లపు మూలనున్న కరెంటు స్తంభం మీద వాననీటి చార ఎంత ఎత్తున ఉందో కూడా టేపు పెట్టి చూశారు.

డబ్బిచ్చింది నేనైనా నా వైపు మొగ్గలేదు. పొరుగాయన తన స్థలంలో కలుపుకోవడానికి పక్క బిట్టును మంచి రేటుకు కొన్నాడు. అన్నయ్య దాన్నే పట్టుకు వేలాడుతున్నాడు. ఆ బిట్టు కలిస్తే పొరుగాయనకు రోడ్డు ముఖం వస్తుంది, బయటివాడు అంత పెట్టడు అని మా వాల్యుయర్ దాన్ని పోలికలోంచి తీసేశారు. నేను చూపించిన చవక అమ్మకాన్నీ తీసేశారు. అది అప్పులవాళ్ల ఒత్తిడికి తెగనమ్మినదట. అంతర్జాతీయ వాల్యుయేషన్ ప్రమాణాల ప్రకారం మార్కెట్ విలువ అంటే కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరిలో ఎవరికీ బలవంతం ఉండకూడదు. నాకు మింగుడు పడలేదు గానీ న్యాయమే. పంపకం రాసుకున్న తేదీనే లెక్కకు పెట్టుకుని, ఆ తర్వాత కొత్త రోడ్డు కబురుతో ఎగిసిన అమ్మకాలను దగ్గరికి రానివ్వలేదు.

ఇక ఆ పేజీ సంగతి. దారి ఇరుకని కొంత శాతం తగ్గించారు. ఎందుకంతే అన్నదానికి ఒక్క ముక్క రాయలేదు. అన్నయ్య వాల్యుయర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. నేను అడిగితే "అనుభవం" అన్నారు. అనుభవాన్ని అవతలివాడు ఎందుకు ఒప్పుకుంటాడు? గట్టిగా అడిగాక, మిగతా అన్నీ ఒకేలా ఉండి ఒకటి రోడ్డు మీద, ఒకటి లోపల ఉన్న రెండు అమ్మకాలు పోల్చి అనుబంధం పంపారు. అదేదో మొదటే పెట్టొచ్చు కదా!

చివరికి వాల్యుయర్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ప్లాట్ల రేటు గుణకారం ఎగిరిపోయింది. దారి తగ్గింపు ఒక్కటే తేలక మూడో మనిషికి వదిలాం. ఆ కూర్చున్నందుకు విడిగా ఫీజు ఉంటుందని బిల్లు వచ్చాకే తెలిసింది. అందుకని అయిదుకు నాలుగు. ఈయన్ని పెట్టుకుంటే ఆ ఫీజు ముందే కాగితం మీద రాయించుకోండి.