పుష్పగిరి అని టైప్ చేసి చూడండి: మానిటర్‌కు వీజీఏనా, హెచ్‌డీఎంఐనా?

కొత్త మానిటర్ కొని ఇంకా నీలం రంగు వీజీఏ కేబుల్‌తోనే వాడుతున్నవాళ్లు ఒకసారి మానిటర్ వెనకా సీపీయూ వెనకా చూడండి. రెండింటికీ హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఈ రోజే కేబుల్ మార్చేయండి. ముఖ్యంగా తెలుగు అక్షరాలతో పని ఉన్నవాళ్లు.

నాది కడపలో డీటీపీ సెంటర్. పెళ్లికార్డులు, దస్తావేజులు, కరపత్రాలు, ఆడిట్ కాగితాలు, అన్నీ చేస్తాం. రోజంతా నా కళ్లు చిన్న అక్షరాల మీదే ఉంటాయి. అందుకే పాత 17 అంగుళాల మానిటర్ తీసేసి, 22 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం) మానిటర్ తీసుకున్నాను. ఫుల్ హెచ్‌డీ, అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్క సుమారు పావు మిల్లీమీటరు. వెనక వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండు పోర్టులూ ఉన్నాయి. డబ్బాలో మాత్రం వీజీఏ కేబుల్ ఒక్కటే పెట్టారు. షాపులో అబ్బాయిని అడిగితే "ఏదైనా ఒకటేలే అక్కా, బొమ్మ వస్తుంది గదా" అన్నాడు. బొమ్మ వస్తుంది, నిజమే. అక్షరం సంగతి వేరు.

వీజీఏ 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చింది. అప్పటివన్నీ గాజు గొట్టం మానిటర్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక్కో తీగ. సున్నా నుంచి 0.7 వోల్టుల దాకా ఎంత వోల్టేజీ వస్తే అంత వెలుగు. గొట్టంలో కిరణం కూడా అలాగే ఎక్కువతక్కువలతో నడిచేది కాబట్టి ఆ పద్ధతి దానికి సరిగ్గా సరిపోయింది. ఇప్పటి ఎల్‌సీడీ అలా కాదు, దానికి చుక్కల లెక్క కావాలి. సిస్టమ్‌లో అంకెలుగా ఉన్న బొమ్మను గ్రాఫిక్స్ కార్డు వోల్టేజీగా మారుస్తుంది. మానిటర్ ఆ వోల్టేజీని కొలిచి మళ్లీ అంకెలు చేసుకుంటుంది. ఫుల్ హెచ్‌డీలో ఆ కొలత సెకనుకు దాదాపు 15 కోట్ల సార్లు, అదీ సరైన క్షణంలో జరగాలి. కొంచెం అటూఇటూ అయితే ఒక చుక్క వెలుగు పక్క చుక్కలోకి జారుతుంది. హెచ్‌డీఎంఐలో మొదటి నుంచి చివరిదాకా అంకెలే వెళ్తాయి. ఈ మార్పిడి గొడవే ఉండదు.

ఇంగ్లీషు అక్షరాలకు ఈ మసక పెద్దగా కనబడకపోవచ్చు. తెలుగుకు మాత్రం ప్రాణసంకటం. థ కడుపులో చుక్క ఉందా, ధ కింద గీత ఉందా అన్నది పది పాయింట్ల సైజులో స్క్రీన్ మీద ఒకటి రెండు చుక్కల తేడా. ప, వ, ష మధ్య కూడా అంతే. పెళ్లి మా కడప దగ్గరి పుష్పగిరిలో అయితే ష కింద ప వత్తు స్పష్టంగా కనబడాలి. వీజీఏతో ఆ వత్తు అంచుల్లో బూడిదరంగు నీడ పడేది. ప్రూఫ్ చూసే ప్రతిసారీ జూమ్ చేసుకోవాల్సి వచ్చేది. హెచ్‌డీఎంఐ పెట్టాక వంద శాతం సైజులోనే చదువుతున్నాను. సాయంత్రానికి కళ్ల మంట బాగా తగ్గింది. కేబుల్‌కు అయింది రెండు వందల లోపే.

ఒక చిన్న చిక్కు ఉంది. హెచ్‌డీఎంఐ పెట్టగానే నలుపు వెలిసినట్టు కనిపిస్తే భయపడొద్దు. సిస్టమ్ మీ మానిటర్‌ను టీవీ అనుకుంటోంది. టీవీ పద్ధతిలో నలుపు 0 దగ్గర కాకుండా 16 దగ్గర, తెలుపు 255కు బదులు 235 దగ్గర ఉంటాయి. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రంగుల రేంజ్‌ను ఫుల్ అని మార్చితే సరిపోతుంది. అంచులు తెగిపోతే మానిటర్ మెనూలో ఓవర్‌స్కాన్ ఆపేయండి.

మీ సీపీయూకు హెచ్‌డీఎంఐ లేక, తెల్లటి డీవీఐ-డి పోర్టు ఉంటే అదీ డిజిటలే, అంటే అందులోనూ అంకెలే వెళ్తాయి. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్ చాలు, మధ్యలో ఏ పెట్టె అక్కర్లేదు. వీజీఏ ఒక్కటే ఉన్న సిస్టమ్‌కు మాత్రం "హెచ్‌డీఎంఐ కన్వర్టర్" అని అమ్మేది కొనకండి. కార్డు దగ్గర ఒకసారి వోల్టేజీగా మారిపోయిన బొమ్మను అది మళ్లీ అంకెలు చేస్తుంది, అంతే. పోయిన పదును తిరిగి రాదు. దానికి బదులు పొట్టి, మందపాటి వీజీఏ కేబుల్ వాడి, కరెంటు వైర్లతో కలిపి కట్టకుండా విడిగా ఉంచండి. స్క్రీన్ నిండా చిన్న అక్షరాలున్న పేజీ తెరిచి మానిటర్ మీద ఆటో బటన్ నొక్కండి. ఖాళీ డెస్క్‌టాప్ మీద నొక్కితే దానికి కొలత సరిగ్గా దొరకదు. అలా చేస్తే చాలావరకు బాగుపడుతుంది. బిల్లింగ్ సిస్టమ్‌కో, 1024 బై 768లో నడిచే పాత ప్రొజెక్టర్‌కో వీజీఏ సరిపోతుంది, డబ్బు పెట్టొద్దు.

ఇక మానిటర్ మిగతా సంగతులు. రంగులు బాగున్నాయి, పక్కనుంచి కస్టమర్ చూసినా మారవు. స్టాండ్ ముందుకూ వెనక్కూ వంగుతుంది తప్ప ఎత్తు మారదు, కింద రెండు పేపర్ రీములు పెట్టాను. స్పీకర్లు లేవు. హెడ్‌ఫోన్ జాక్ హెచ్‌డీఎంఐతోనే పలుకుతుంది, వీజీఏలో శబ్దం రాదు. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. డబ్బాలో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టనందుకే ఆ ఒకటి తగ్గించాను. మీరు కొనేటప్పుడు షాపులోనే రెండు కేబుళ్లూ మార్చి మార్చి పెట్టించి, పుష్పగిరి అని పది పాయింట్లలో టైప్ చేసి చూడండి.