భూభారతిలో ఫౌతి: పాసుబుక్కు మారుతుంది, పంపకం మాత్రం ఇంట్లోనే తేలాలి

పట్టాదారు చనిపోయాక భూమిని వారసుల పేర్లకు ఎక్కించడాన్ని తెలంగాణ పల్లెల్లో ఫౌతి అంటారు, కొన్నిచోట్ల విరాసత్ అంటారు. 2020 నవంబరు నుంచి ధరణి పోర్టల్‌లో నడిచిన ఈ పని 2025 ఏప్రిల్ 14న మొదలైన కొత్త భూరికార్డుల వ్యవస్థ భూభారతి కిందికి వచ్చింది. పాతదానికీ కొత్తదానికీ పెద్ద తేడా ఒక్కటే, అది నోటీసు. ధరణిలో స్లాటు తీసుకుని, తామే వారసులమని చెప్పుకున్నవాళ్ళు కలిసి సంతకాలు పెడితే ఆ రోజే పట్టా మారిపోయేది. పేరు రాయకుండా వదిలేసిన ఆడబిడ్డకు సంగతి తెలిసేసరికి పాసుబుక్కు చేతికొచ్చి ఉండేది, ఇక ఆమెకు మిగిలింది సివిల్ కోర్టే. ఇప్పుడు తహసీల్దారు వారసులందరికీ నోటీసులిచ్చి, విచారించి, 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. గడువులోగా ఏదీ తేల్చకపోతే మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, దానంతటదే జరిగిపోతుంది. ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి, ఆపైన కలెక్టరు దగ్గరికి అప్పీలు ఉంది. ఈ ఒక్క మార్పుకే మంచి మార్కులు వేయొచ్చు.

ఖర్చు సంగతి. మ్యుటేషన్ రుసుము ఎకరాకు 2,500, అంటే గుంటకు 62.50 పడుతుంది. పాసుబుక్కుకు 300. నాలుగెకరాల ఇరవై గుంటలు ముగ్గురికి పంచితే 11,250కి మూడు పుస్తకాల 900 కలిపి 12,150 రూపాయలు. అమ్మకం కాదు, కొనుగోలు కాదు, తండ్రి భూమి బిడ్డలకు రావడానికి ఇంత వసూలు చేయడం ఎక్కువే.

మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్, పాత పాసుబుక్కు, పంపకంపై వారసుల ఉమ్మడి ఒప్పంద పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. దరఖాస్తు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గరే. పాసుబుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, మరణ పత్రంలో ఊళ్ళో పిలిచే పేరు ఉంటుంది. ముందు మరణ పత్రాన్ని సరిచేయించుకుని తర్వాతే దరఖాస్తు పెట్టాలి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంకొక మాట: బ్యాంకు డిపాజిట్ల కోసం సివిల్ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ భూమికి అక్కరకు రాదు. దాన్ని పట్టుకుని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం దండగ.

వారసుల జాబితాలో తరచు జారిపోయేది చనిపోయినవాడి తల్లి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మగమనిషి పోతే అతని స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లికి తలా ఒక సమాన వాటా. ముసలామె బతికుండగా ఆమె పేరు లేకుండా పెట్టిన ఫౌతి తర్వాత ఎప్పుడైనా తిరగబడుతుంది. పిత్రార్జితమైతే కూతురు పుట్టుకతోనే హక్కుదారు. ఈ హక్కిచ్చిన చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు కాగితంతోనో కోర్టు డిక్రీతోనో పూర్తయిన పంపకాల జోలికి మాత్రం ఆ హక్కు రాదు.

ఇక అసలు లోపం. "నాకేమీ వద్దు, తమ్ముళ్ళకే రాయండి" అని అక్క ఒప్పంద పత్రం మీద సంతకం పెడుతుంది, పోర్టల్ తీసుకుంటుంది, పట్టా మారుతుంది. ఆమె వాటా పోయిందనే అందరూ అనుకుంటారు. మ్యుటేషన్ రికార్డును మారుస్తుంది గానీ హక్కును పుట్టించదు, తీసేయదు. వంద రూపాయలకు మించిన స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం ఉండాల్సిందే. అది లేకపోతే పక్కన రోడ్డు పడి ధర పెరిగిన రోజున పార్టిషన్ దావా వస్తుంది. ఈ హెచ్చరిక దరఖాస్తు తెర మీదే కనబడాలి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న వారసులైతే తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇస్తూ కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ పత్రం పంపాలి. అది ఇండియాకు అందిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమిని కొనలేరు గానీ వారసత్వంగా పొందొచ్చు.

రెండో లోపం గెట్టుది, అంటే పొలం హద్దుది. ఒప్పందంలో 112 సర్వే నంబరులో అన్నకు ఎకరం, తమ్ముడికి ఎకరం అని రాస్తారు. ఇద్దరికీ బై నంబర్లు (ఉప సర్వే నంబర్లు) పడతాయి, పుస్తకాలొస్తాయి. బోరు ఎవరి ఎకరంలో ఉంది, బండ్లబాట ఎటు, చెరువు కింది మడి ఎవరిది అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. పట్టాకు పటం జోడించాలని భూభారతి చట్టం చెబుతోంది, అది ప్రతి ఊళ్ళో అమలయ్యేదాకా ఆగొద్దు. సర్వేయరుతో కొలిపించి, హద్దురాళ్ళు పాతించి, బోరు వంతులు, దారి వెడల్పు రాసిన నక్షా మీద అందరి సంతకాలు తీసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌నూ మోటారు కనెక్షన్‌నూ అందులో రాయకపోతే మొదటి ఎండాకాలానికే గొడవ మొదలు.

వీలునామా ఉంటే సగం పని తప్పుతుంది. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించుకోవడమే మేలు. సాక్షులు రాసేవాడికంటే వయసులో చిన్నవాళ్ళయితే నయం, రేపు కోర్టులో నిలబడి చెప్పాల్సింది వాళ్ళే. పిత్రార్జితం మొత్తాన్నీ ఒక్క కొడుక్కి రాసిన వీలునామా మాత్రం తండ్రి వాటా మేరకే నిలుస్తుంది.

బతికుండగానే గిఫ్టు, సెటిల్‌మెంట్ కింద రాసిచ్చే ముందు పీఎం కిసాన్‌ను కూడా లెక్కేసుకోవాలి. ఆ పథకం మార్గదర్శకాలు 2019 ఫిబ్రవరి 1 నాటి పట్టానే చూశాయి. ఆ తర్వాతి బదిలీల్లో మినహాయింపు దొరికింది యజమాని మరణంతో వచ్చిన వారసత్వానికే. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా కొత్త పాసుబుక్కు మీదే వస్తుంది, ఏడాదికి ఎకరాకు 12,000. ఫౌతి ఒక్క సీజను ఆలస్యమైతే ఎకరాకు 6,000 చేజారొచ్చు. పుస్తకం అందిన వారమే వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) దగ్గర బ్యాంకు వివరాలు ఎక్కించుకుని, 18 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉన్నవారు రైతు బీమాలో నామినీ పేరుతో సహా చేరాలి.