ర్యాలీ కారుకి ముందు ఎల్‌ఎస్‌డీయా, గేర్‌బాక్సా?

భీమవరంలోనో అమలాపురంలోనో పాత పోలో కారుని ర్యాలీకి సిద్ధం చేసుకునే కుర్రాళ్ళు ఇక్కడే ఆగిపోతారు: ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ముందా, గేర్‌బాక్స్‌లో కొత్త గేర్లు ముందా అని. డబ్బు ఒక్కదానికే ఉంది మరి. (టైర్లు బోడిగా ఉంటే మాత్రం ముందు టైర్లే. తర్వాతే ఈ చర్చ.)

పని: మామూలు గేర్‌బాక్స్‌లో రెండు నుంచి మూడుకి మార్చగానే ఆర్‌పీఎం పడిపోయి ఇంజిన్ నీరసిస్తుంది. క్లోజ్ రేషియో గేర్లు, అంటే ఒకదానికొకటి దగ్గరగా ఉండే గేర్లు, ఆ ఎడం తగ్గిస్తాయి. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ సంగతి వేరు. వాన వెలిసిన కాలవగట్టు మీద ఒక చక్రం బురదలో, రెండోది గట్టినేల మీద ఉందనుకోండి. మామూలు డిఫరెన్షియల్‌తో బురదలోది గిర్రున తిరుగుతుంది, కారు మాత్రం కదలదు. ఎల్‌ఎస్‌డీ ఉంటే గట్టినేల మీది చక్రానికీ బలం అందుతుంది.

ఖర్చు: గేర్ల సెట్టుకే సాధారణంగా ఎక్కువ. శ్రమ మాత్రం దాదాపు సమానం, దేనికైనా గేర్‌బాక్స్ దించాల్సిందే.

రిస్క్: స్ట్రెయిట్ కట్ (పళ్ళు ఏటవాలుగా కాక నిటారుగా ఉండే) గేర్లయితే ఒకటే రొద. ప్లేట్ల ఎల్‌ఎస్‌డీలో ప్లేట్లు అరుగుతాయి, ఆయిల్ తరచూ మార్చాలి, స్టీరింగ్ చేతుల్ని లాగేస్తుంది. ప్లేట్లకి బదులు పళ్ళచక్రాలుండే హెలికల్ రకం ఎల్‌ఎస్‌డీకి అరుగుదల తక్కువే గానీ, ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అదీ చేతులెత్తేస్తుంది.

మట్టి, గులకరాళ్ళ స్టేజీలైతే నేను ఎల్‌ఎస్‌డీకే ఓటేస్తాను. తారు మీద, పట్టున్న టైర్లతో పరిగెత్తే కారైతే గేర్లు. సోమవారం అదే కారులో రాజమండ్రి ఆఫీసుకి వెళ్ళాలంటే హెలికల్ ఎల్‌ఎస్‌డీ ఒక్కటే వేయించుకోండి. ఏది కొన్నా ముందు మీరు పోటీపడే క్లాస్ (విభాగం) రూల్స్‌లో దానికి అనుమతి ఉందో లేదో చూడండి.